చిన్నవాడికి జ్వరం, పెద్దమ్మాయికి బడిలో వీడ్కోలు విందు: ఆ సాయంత్రం ఎలా నడపాలి

ప్రతి ఫిబ్రవరిలో ఇదే ప్రశ్న వస్తుంది. మార్చిలో పదో తరగతి పరీక్షలు కాబట్టి ఆలోపే ఫేర్‌వెల్, యాన్యువల్ డే, వాటి చివర తల్లిదండ్రులతో కలిపి రాత్రి భోజనాలు. సరిగ్గా అప్పుడే వాతావరణం మారి ఇంట్లో చిన్నపిల్లలు జలుబు, జ్వరంతో పడకేస్తారు. "టీచర్, పాపకి మెమెంటో ఇస్తారట, బాబుకి నిన్నటి నుంచి నూట ఒకటి ఉంది, రావాలా వద్దా?" అని ఫోన్లు మొదలవుతాయి.

క్లాస్ టీచర్‌గా, ఇద్దరు పిల్లల తల్లిగా నేను చెప్పేది ఒకటే. విందు మూడు నాలుగు గంటలు సాగుతుంది. అందులో మీ అమ్మాయికి మీరు ఎదురుగా ఉండాల్సింది ఒక గంట. ఆ గంట ఏదో ముందే కనుక్కుని, ఆ గంటసేపు ఇంట్లో పిల్లాడిని చూసే మనిషిని పక్కాగా సిద్ధం చేస్తే చాలాసార్లు రెండూ కుదురుతాయి. కుదరని రోజులూ ఉంటాయి. ముందు అవి చూద్దాం.

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా విందు మాట వదిలేయండి

- మూడు నెలల లోపు పసిపాపకి 100.4 డిగ్రీలు, అంతకు మించి జ్వరం. ఇంట్లో మందు వేసి చూడటం కూడా వద్దు, నేరుగా డాక్టర్ దగ్గరికే.
- ఊపిరి వేగంగా తీయడం, డొక్కలు ఎగరేయడం. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకి లేపి నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల లోపు అయితే 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40. ఈ అంకె చేరినా, దాటినా అది వేగమే.
- లేపితే లేవకపోవడం, మగతగా ఉండటం, ఫిట్స్ రావడం, మెడ బిగుసుకుపోవడం.
- ఏం తాగించినా కక్కేయడం, ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోవడం, నాలుక ఎండిపోవడం, ఏడిస్తే కన్నీళ్లు రాకపోవడం.
- విరేచనంలో రక్తం, ఒంటి మీద నొక్కినా మాయం కాని ఎర్రటి మచ్చలు.
- డెంగీ అని తేలినా, డాక్టర్‌కి అనుమానం ఉన్నా. సెప్టెంబర్, అక్టోబర్‌లో జరిగే ఫంక్షన్లకి ఇది బాగా గుర్తుంచుకోండి. డెంగీలో జ్వరం తగ్గిన రోజే "హమ్మయ్య" అనుకుంటాం. నిజానికి ప్రమాదం మొదలయ్యేది అప్పుడే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం కనిపిస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇదివరకు జ్వరంతో ఫిట్స్ వచ్చిన పిల్లాడైతే అమ్మానాన్నల్లో ఒకరు ఇంట్లోనే ఉండాలి. ఇందులో బేరాల్లేవు.

కావాల్సినవి

డిజిటల్ థర్మామీటర్. డాక్టర్ చీటీ. పారాసిటమాల్ సిరప్, దాంతో ఎం.ఎల్. గీతలున్న సిరంజి గానీ కొలత మూత గానీ. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, లీటర్ సీసా. ఒక తెల్లకాగితం, పెన్ను. ఛార్జింగ్ నిండా ఉన్న రెండు ఫోన్లు: ఒకటి మీ దగ్గర, ఒకటి ఇంట్లో. అన్నిటికంటే ముఖ్యం, పిల్లాడు ఏడిస్తే ఎత్తుకుంటే ఊరుకునే మనిషి ఒకరు.

ఓఆర్‌ఎస్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మందుల షాపులో దొరికేదంతా అసలు ఓఆర్‌ఎస్ కాదు. పళ్లరసం రుచితో డబ్బాల్లో వచ్చే డ్రింకులు కొన్నిటిలో చక్కెర ఎక్కువ, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. దీని మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) ఫార్ములా లేని డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అనే మాటే రాయకూడదని చెప్పింది. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి పొడి ప్యాకెట్లే తీసుకోండి.

1. ముందురోజే టీచర్‌కి ఫోన్ చేయండి

ఇన్విటేషన్‌లో ఐదు గంటలకి అని ఉంటుంది. జ్యోతి ప్రజ్వలన అయ్యేసరికి ఆరు దాటుతుంది. ముఖ్య అతిథి ప్రసంగం, కరస్పాండెంట్ గారి ప్రసంగం, డ్యాన్సులు, మెమెంటోలు, గ్రూప్ ఫొటో, చివర్లో భోజనాలు. మీ అమ్మాయి వంతు ఎప్పుడు వస్తుందో కార్డు చూస్తే తెలియదు, క్లాస్ టీచర్‌ని అడిగితే తెలుస్తుంది.

ఇలా అడగండి: "మేడమ్, చిన్నబాబుకి జ్వరం. నేను గంటసేపే ఉండగలను. మా పాప స్టేజీ మీదకి ఎన్నింటికి వస్తుంది? కుదిరితే తన పేరు కొంచెం ముందుకి మారుస్తారా? అరగంట ముందు నాకొక మెసేజ్ పెట్టగలరా?" ఇలా అడిగితే కాదనే టీచర్ అరుదు. మెమెంటోల లిస్టులో పేర్లు అటూఇటూ మార్చడం మాకు నిమిషం పని. అడగకుండా మధ్యలో స్టేజీ దగ్గరికి వచ్చి "మా పాపది ముందు ఇచ్చేయండి" అంటేనే ఇబ్బంది.

జబ్బు పేరు కూడా అప్పుడే చెప్పండి. ముఖ్యంగా ఆటలమ్మ, తట్టు, గవదబిళ్లలు లాంటివైతే దాచొద్దు. ఇంట్లో తమ్ముడికి ఆటలమ్మ పోసి, అక్కకి ఇదివరకు రాకపోతే, టీకా కూడా వేయించి ఉండకపోతే, తనకి పొక్కులు బయటపడక ముందే ఆమె నుంచి వేరేవాళ్లకి అంటుకోవచ్చు. హాల్లో కడుపుతో ఉన్న టీచర్ ఉండొచ్చు, క్యాన్సర్ చికిత్సలో ఉన్న పిల్లలు ఉండొచ్చు. అలాంటప్పుడు అక్క వెళ్లొచ్చా లేదా అన్నది డాక్టర్‌ని అడిగి తేల్చుకోండి.

2. ఇంట్లో ఎవరుంటారో తేల్చండి

నాన్న ఉంటే నాన్న. అమ్మే ఎందుకు ఉండాలి అని నేనెప్పుడూ అడుగుతాను. పెద్దమ్మాయి ఎవరు రావాలని కోరుకుంటోందో అడిగి, రెండోవాళ్లు ఉండిపోండి. లేదంటే అమ్మమ్మ, నానమ్మ, పిన్ని, పిల్లాడికి చనువున్న పక్కింటి ఆంటీ. పన్నెండు పదమూడేళ్ల అక్కకో అన్నకో జ్వరం పిల్లాడిని అప్పజెప్పి వెళ్లొద్దు. బాగున్న పిల్లాడిని చూసుకోవడం వేరు, నూట రెండు జ్వరంతో ఉన్నవాడిని చూసుకోవడం వేరు.

ఎవరూ దొరకలేదా? రెండు దారులున్నాయి. పెద్దమ్మాయి స్నేహితురాలి అమ్మానాన్నలతో ఆమెని పంపండి, తిరిగి ఇంటి గుమ్మం దాకా దింపమనండి, మెమెంటో తీసుకునేటప్పుడు వీడియో కాల్ పెట్టమనండి. లేదా ఆ స్నేహితురాలి అమ్మనే మీ అమ్మాయి తరఫున స్టేజీ కింద నిలబడి చప్పట్లు కొట్టమని, ఫొటోలు తీయమని అడగండి. ఇది చిన్న విషయం కాదు. స్టేజీ ఎక్కిన పిల్లలు మొదట కింద తమవాళ్ల మొహం కోసమే వెతుకుతారు. అక్కడ తెలిసిన మొహం ఒకటి ఉండాలి.

3. కాగితం రాయండి

నోటితో చెప్పినవి సగమే గుర్తుంటాయి. అందుకే కాగితం. ఫ్రిజ్ మీద అంటించండి, పెద్ద అక్షరాల్లో, అమ్మమ్మ కళ్లద్దాలు లేకుండా చదివేలా. ఇదిగో, 14 కిలోల పిల్లాడికి రాసిన కాగితం ఇలా ఉంటుంది (250 సీసా అంటే 5 ఎం.ఎల్.లో 250 మిల్లీగ్రాములు ఉండేది, ఆ లెక్క కింద నాలుగో అంశంలో ఉంది):

*సాయంత్రం 5:30 – జ్వరం 101.2. పారాసిటమాల్ (250 సీసా) 4 ఎం.ఎల్. వేశాం.*
*మళ్లీ డోసు రాత్రి 11:30కి. జ్వరం ఉంటేనే. అప్పటికి మేం వచ్చేస్తాం. ఈలోపు ఏ మందూ వద్దు.*
*మందు కక్కేస్తే మళ్లీ వేయొద్దు, నాకు ఫోన్.*
*తాగించాల్సినవి: నీళ్లు, మజ్జిగ, ఓఆర్‌ఎస్. కొంచెం కొంచెంగా.*
*మూత్రం పోసిన టైమ్ ఇక్కడ రాయాలి: ____*
*జ్వరం 103 దాటితే, మగతగా ఉంటే, డొక్కలు ఎగరేస్తే నాకు ఫోన్. ఎత్తకపోతే నాన్నకి. ఫిట్స్ వస్తే ముందు 108.*

కింద మీ ఫోన్ నంబర్, డాక్టర్ నంబర్, మీ ఇంటి అడ్రస్. టెన్షన్‌లో సొంత ఇంటి నంబరు కూడా గుర్తురాదు, 108 వాళ్లు మొదట అడిగేది అదే.

4. మందు లెక్క: ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే

పారాసిటమాల్ డోసు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. డోసుకి డోసుకి మధ్య కనీసం నాలుగు గంటలు, మామూలుగా ఆరు గంటలు. రోజు మొత్తంలో నాలుగు డోసులు దాటొద్దు. 14 కిలోల పిల్లాడికి 200 మిల్లీగ్రాములు అనుకుందాం. అదే 200 మిల్లీగ్రాములు:

- 5 ఎం.ఎల్.లో 120 ఉండే సీసాలో దాదాపు 8 ఎం.ఎల్.
- 5 ఎం.ఎల్.లో 250 ఉండే సీసాలో 4 ఎం.ఎల్.
- పసిపిల్లల డ్రాప్స్‌లో, ఒక ఎం.ఎల్.కి 100 ఉండే రకమైతే, 2 ఎం.ఎల్. మాత్రమే.

చూశారు కదా, సీసా మారితే కొలత నాలుగు రెట్లు మారిపోతుంది. "మొన్న ఎనిమిది వేశాం కదా" అని డ్రాప్స్ సీసాలోంచి ఎనిమిది పోస్తే ఏమవుతుందో ఊహించండి. అందుకే ఆ సాయంత్రం ఇంట్లో ఒక్క సీసానే బయట ఉంచండి. మిగతావన్నీ బీరువాలో పెట్టి తాళం వేయండి. ముఖ్యంగా జలుబు సిరప్‌లు. వాటిలో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది, రెండూ వేస్తే డోసు రెట్టింపు అవుతుంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన జలుబు మందు నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడొద్దని 2023లోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. దగ్గు మందు సొంతంగా వేయడం అసలే వద్దు.

యాస్పిరిన్ పిల్లలకి ఇవ్వకూడదు. జ్వరం తొందరగా దిగుతుందని ఐబుప్రోఫెన్, మెఫనమిక్ యాసిడ్ డాక్టర్ చెప్పకుండా వేయొద్దు. ఒకవేళ అది డెంగీ అయితే అవి రక్తస్రావాన్ని పెంచగలవు.

ఇక టైమింగ్. మందు వేసిన వెంటనే బండెక్కొద్దు. వేశాక గంటసేపు ఆగి, పిల్లాడిని చూసి అప్పుడు బయల్దేరండి. జ్వరం పూర్తిగా దిగకపోయినా పర్వాలేదు. కొంచెం తగ్గి, వాడు కళ్లు తెరిచి మాట్లాడుతూ, రెండు గుక్కలు తాగితే మందు పనిచేస్తున్నట్టే. మందు వేసి గంటన్నర అయినా ఒంట్లో సత్తువ లేకుండా, ఎటూ చూడకుండా పడి ఉంటే అంకె ఎంతున్నా వెళ్లొద్దు. థర్మామీటర్ కంటే పిల్లాడి తీరు ముఖ్యం.

5. చూసుకునేవాళ్లతో ఒకసారి చేయించి చూడండి

"అర్థమైందా అత్తయ్యా?" అంటే "ఆఁ, అయింది" అంటారు. అది చాలదు. సిరంజిలో నీళ్లు 4 గీత దాకా లాగి చూపించమనండి. థర్మామీటర్ చంకలో పెట్టి, బీప్ వచ్చేదాకా ఆగి, అంకె చదవమనండి. ఓఆర్‌ఎస్ కలపమనండి: లీటర్ ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటర్ కాచి చల్లార్చిన నీళ్లలో. సగం ప్యాకెట్ గ్లాసులో కలపడం చాలా ఇళ్లలో చూస్తాను, ఉప్పు పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ల లోపు పిల్లలకి 50 నుంచి 100 ఎం.ఎల్., ఆపైవాళ్లకి 100 నుంచి 200. కక్కితే పది నిమిషాలు ఆగి, చెంచాతో నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాలి.

ఫిట్స్ వస్తే ఏం చేయాలో కూడా చెప్పండి: పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో చెంచా, నీళ్లు, ఏమీ పెట్టకూడదు, చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వద్దు, టైమ్ చూసుకోవాలి, 108కి ఫోన్ చేయాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ అంబులెన్స్ ఉచితం.

పెద్దవాళ్లతో గొడవ అక్కర్లేదు. దిష్టి తీస్తానంటే తీయనివ్వండి. కానీ ఎండుమిర్చి పొగ, సాంబ్రాణి పొగ దగ్గున్న పిల్లాడి గదిలో వద్దని ముందే చెప్పండి. జ్వరంలో రెండు రగ్గులు కప్పి, స్వెటర్ వేసి, మంకీ క్యాప్ పెట్టడం కూడా ఆపాలి. వేడి బయటికి పోయే దారి ఉండదు. పల్చటి నూలు బట్టలు చాలు. తడిగుడ్డతో తుడవాలంటే గోరువెచ్చని నీళ్లతోనే, ఐసు నీళ్లతో వద్దు.

6. ఇద్దరు పిల్లలకీ నిజం చెప్పండి

చిన్నవాడు నిద్రపోయాక జారుకోవడం వద్దు. లేచి అమ్మ కనబడకపోతే జ్వరంలో వాడి ఏడుపు ఆపడం అమ్మమ్మ వల్ల కాదు. "అక్క బడికి వెళ్లొస్తాను నాన్నా, నువ్వు అమ్మమ్మ దగ్గర కథ విని పడుకో, లేచేసరికి వచ్చేస్తా" అని చెప్పి వెళ్లండి.

పెద్దమ్మాయితో "తమ్ముడి వల్ల తొందరగా రావాలి" అనొద్దు. ఆ ఒక్క మాటతో విందు అంతా తను బరువుగా కూర్చుంటుంది. "నీ మెమెంటో, నీ డ్యాన్స్ చూస్తాను, తొమ్మిదింటికి వెళ్లిపోతాను, నువ్వు భోంచేసి ఫలానా ఆంటీతో రా" అని మధ్యాహ్నమే చెప్పండి. సాయంత్రం గేటు దగ్గర చెబితే ఏడుపొస్తుంది.

7. జబ్బు పిల్లాడిని విందుకి తీసుకెళ్లొచ్చా?

వద్దు. జ్వరం, వాంతులు, విరేచనాలు, కళ్లకలక, ఒంటి మీద పొక్కులు ఉన్న పిల్లాడిని స్పీకర్ల మోతలో, మూడొందల మంది మధ్యలో ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం వాడికీ నరకం, పక్కవాళ్లకీ నష్టం. చెయ్యి విరిగి కట్టు ఉన్న పిల్లాడు, అదుపులో ఉన్న ఆస్తమా పిల్లాడు అయితే వేరే సంగతి, వాళ్లు రావచ్చు. ఆస్తమా అయితే ఇన్‌హేలర్, దానికి తగిలించే గొట్టం (స్పేసర్) మీ బ్యాగులోనే ఉండాలి, కారులో కాదు. స్టేజీ మీద పొగ మిషన్ పెడుతున్నారేమో ముందే అడిగి, వెనక వరుసలో తలుపు దగ్గర కూర్చోండి.

8. హాల్లో

బండి గేటు దగ్గర, బయటికి తిప్పి పెట్టండి. ఫోన్ బ్యాగులో కాదు, చేతిలో, వైబ్రేషన్‌లో. డీజే మోతలో రింగ్ వినబడదు. హాల్లో సిగ్నల్ ఉందో లేదో ఇంటికి ఒక కాల్ చేసి చూసుకోండి. లేకపోతే గుమ్మం పక్కన కూర్చోండి. అరగంటకోసారి ఇంటి నుంచే ఒక మెసేజ్ పెట్టమనండి, "తాగాడు, పడుకున్నాడు" అని రెండు ముక్కలు చాలు. మీరే పది నిమిషాలకోసారి ఫోన్ చేస్తే పడుకున్న పిల్లాడు లేస్తాడు.

ఇంట్లో వాంతులు, విరేచనాలు ఉంటే మీరు వడ్డనకి నిలబడొద్దు. ఇంటి నుంచి వండిన వంటకం కూడా తీసుకెళ్లొద్దు. మీకు ఏ బాధా లేకపోయినా మీ చేతుల ద్వారా అందరి ప్లేట్లలోకి వెళ్లగలదు. "ఈసారి కుదరదు మేడమ్, ఇంట్లో బాబుకి మోషన్స్" అంటే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు.

అనుకున్న గంట అయ్యాక లేవండి. భోజనాల దగ్గర "ఇంకో పావుగంట" అంటూ ఆపేవాళ్లు చాలామంది ఉంటారు. క్యూ పెద్దగా ఉంటే తినకుండానే వెళ్లండి.

9. ఇంటికి రాగానే

చేతులు సబ్బుతో కడుక్కుని, పట్టుచీర మార్చకముందే పిల్లాడి దగ్గరికి వెళ్లండి. నాలుగు చూడండి: జ్వరం ఎంత, ఊపిరి నిమిషానికి ఎన్ని, చివరిసారి మూత్రం ఎప్పుడు, కాగితం మీద ఏం రాసుంది. కాగితం ఖాళీగా ఉంటే "ఏమైనా మందు వేశారా?" అని అడిగి తేల్చుకున్నాకే తర్వాతి డోసు. రెండోసారి మందు పడేది ఎక్కువగా ఇలాంటప్పుడే. అమ్మమ్మ పదింటికి వేస్తారు, అది తెలియక మీరు పదకొండున్నరకి వేస్తారు. నిద్రలో హాయిగా ఉన్న పిల్లాడిని జ్వరం మందు కోసం లేపాల్సిన పని లేదు.

అక్క తమ్ముడి కోసం టిష్యూలో చుట్టి గులాబ్ జామ్ తెస్తుంది. ఆ ప్రేమని కాదనొద్దు, కానీ వాంతులు, విరేచనాలున్న పిల్లాడికి ఆ రాత్రి పెట్టొద్దు. ఎంతసేపు బయట ఉందో తెలియని విందు తిండి ఏదీ వద్దు. బదులుగా అక్క చేత మెమెంటో చూపించండి.

10. మర్నాడు బడికి

జ్వరం మందు వేయకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే చిన్నవాడిని పంపండి. పొద్దున మందు వేసి పంపితే పదకొండుకల్లా మాకు బెంచీ మీద తల వాల్చి కనిపిస్తాడు. వాంతులు, విరేచనాలైతే అవి పూర్తిగా ఆగి ఒక రోజు గడవాలి. ఆటలమ్మ అయితే పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా, గవదబిళ్లలైతే వాపు మొదలైనప్పటి నుంచి ఐదు రోజులు, తట్టు అయితే దద్దు వచ్చినప్పటి నుంచి నాలుగు రోజులు ఇంట్లోనే. లీవ్ లెటర్‌లో "ఒంట్లో బాలేదు" అని కాకుండా జబ్బు పేరు రాయండి. అది తెలిస్తేనే పక్క బెంచీ పిల్లల్ని మేం గమనించగలం.